బావిలోని తోడుపెళ్ళికూతురు

ఫిబ్రవరి నెల రెండో మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, కుప్పం దగ్గరి ఒక పల్లెలో రాతిమెట్ల బావి నుంచి మా బుట్ట పైకి వచ్చింది. అందులో నా చేయి పొడవున ఒక మలుగుపాము ఉంది. పాము అని పేరే గాని అది చేప. దాని రెక్క అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, ఆల్కహాలు సీసాలో వేసి, సీసా మీద అంకె రాసి, చేపను మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాం. నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ వదలని పని అలా మొదలైంది. ఆ రోజు మాత్రం అది మాకు పంతొమ్మిదో సీసా, అంతే.

తేదీ, గంట రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ప్రయోగశాలలో కొత్తగా చేరే పిల్లలు దాన్ని చూసి నవ్వేవాళ్ళు. మీరూ నవ్వండి, కాని రాయండి.

నేను పుట్టింది మదనపల్లెలో. ఉద్యోగం చేసింది మాత్రం సముద్రం ఒడ్డున, చేపల మీద పరిశోధన చేసే ఒక ప్రభుత్వ కేంద్రంలో. చేప కండ నుంచి, రెక్క నుంచి డీఎన్‌ఏ తీసి, శుభ్రం చేసి ఇవ్వడం నా పని. సముద్రం పక్కన ఏం చేస్తుంటావని బంధువులు అడిగితే, "చేపల గోత్రాలు చూస్తుంటాను" అనేదాన్ని. సరదాకే అన్నా, అందులో అబద్ధం పెద్దగా లేదు. ఒకే జాతి చేపలైనా అన్నీ ఒకచోట చేరి గుడ్లు పెట్టాలని లేదు. ఒక గుంపు ఒక తీరాన, మరో గుంపు మరో తీరాన పెట్టుకుంటూ తరతరాలు కలవకపోతే, వాటి జన్యువుల్లో తేడాలు పేరుకుంటాయి. ఆ తేడా ఉందో లేదో తెలిస్తేనే వేటకు హద్దు గీయడం కుదురుతుంది. రెండు గుంపులను ఒకటే అనుకుంటే చిన్న గుంపు తుడిచిపెట్టుకుపోతుంది. ఒకే గుంపును రెండనుకుంటే, ఒకరు కాపాడినదాన్ని మరొకరు నిశ్చింతగా పట్టేస్తారు.

వంజరం, తూర, కవ్వలు, ఇలా సముద్రంలో తిరిగే చేపలన్నిటితోనూ నాకు పరిచయం ఉంది. మలుగు దారి మాత్రం వేరు. అది సముద్రంలో పుడుతుంది. ఎక్కడ పుడుతుందో కళ్ళారా చూసిన మనిషి లేడు. పారదర్శకమైన చిన్న ఆకులా ప్రవాహాల్లో కొట్టుకొచ్చి, నదులు కలిసే చోట సన్నని పిల్లగా మారి, ఏరుల వెంట పైకి ఎక్కుతుంది. వాన తడి ఉంటే నేల మీద కూడా పాకుతుంది. చెరువులో, మడుగులో, బావిలో ఏళ్ళ తరబడి పెరుగుతుంది. ఎప్పుడో ఒకనాడు తిండి మానేసి, వచ్చిన దారినే సముద్రానికి తిరిగిపోయి, అక్కడ గుడ్లు పెట్టి చనిపోతుంది. సముద్రం చేరకపోతే దానికి గుడ్లే పండవు.

పాలారు మలుగులూ పెన్న మలుగులూ ఒకే వంశమా, వేరువేరా? ఇదీ మాకు అప్పగించిన ప్రశ్న. కుప్పం, పుంగనూరు వైపు వాన పాలారులోకి పోతుంది. మదనపల్లె, గుర్రంకొండ వైపు వాన బాహుదా పట్టుకొని చివరికి పెన్నలోకి పోతుంది. రెండు నదులూ ఒకదానికొకటి చాలా దూరంలో సముద్రంలో కలుస్తాయి. మా ప్రాంతంలో చెరువులు ఎండిపోతూ ఉండడంతో మలుగులు పాత దిగుడుబావుల్లోనే మిగిలాయి. అందుకే బావులు పట్టుకొని తిరిగాం.

మేం మొత్తం నలుగురం. ప్రాజెక్టు పెద్ద ఒక సీనియరు శాస్త్రవేత్త. మేమంతా సార్ అనేవాళ్ళం. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కంప్యూటరు మీద విశ్లేషణ చేసే ఒక అమ్మాయి. ఆవిడకు చేప వాసన పడదు, అందుకని ఎప్పుడూ ఆఫీసులోనే ఉండేది. నాకంటే ముందే పదవీ విరమణ చేయాల్సిన డ్రైవర్ ఒకాయన. నాలుగో మనిషిని నేను. ఈ యాస తెలిసినదాన్ని కాబట్టి నన్ను వెంట తీసుకెళ్ళేవారు.

ఆగస్టుకల్లా నలభై ఒక్క సీసాలు నిండాయి. సెప్టెంబరులో ఆ అమ్మాయి తెర మీద చుక్కలు పరిచి చూపించింది. ఒక్కో చుక్క ఒక్కో చేప. పాలారు వైపువి ఎరుపు, పెన్న వైపువి నీలం. వేరే వంశాలైతే రెండు రంగులూ రెండు కుప్పలుగా విడిపోవాలి. అవి విడిపోలేదు. రాగుల్లో ఆవాలు పోసినట్టు కలిసిపోయి ఉన్నాయి. సార్ తెర ముందు చాలాసేపు నిలబడి, "ఒకే గుంపు," అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడింది అదొక్కటే. మరుసటి వారం నివేదిక రాయడం మొదలుపెట్టారు.

నివేదికలో చేపల పొడవులు కూడా ఉండాలి. కొన్నింటిని సరిగ్గా కొలవలేదని అక్టోబరులో మళ్ళీ బయలుదేరాం. అలా కుప్పం బావికి రెండోసారి వెళ్ళాం. బావి గలవాళ్ళ ఇంట్లో డెబ్బై అయిదు దాటిన ఒక అవ్వ, ఆమె కోడలు ఉంటారు. అవ్వ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. కోడలు మాకు టీ తెచ్చింది. నేను పంతొమ్మిదో సీసా వివరాలు పైకి చదివి, "పాలారు" అనగానే ఆమె నవ్వింది.

"పాలారుది యాడమ్మా? అది ఈ ఊరిదే కాదు గదా."

"మరి యాడిది?"

"మా అత్తతో పాటు వచ్చినేది. మా అత్తకు తోడుపెళ్ళికూతురు అది. నగలు పెట్టలేదు, అదొకటే తక్కువ. అన్నం తిన్నావా అని నన్ను ఒక్క దినమన్నా అడగదు మేడం. దాన్ని దినామూ అడుగుతాది."

"నువ్వు తింటావని నాకు తెలుసు లేమ్మే," అంది అవ్వ తల ఎత్తకుండా. "అది తినిందో లేదో ఎట్ల తెలుస్తాది? అందుకే అడిగేది."

తర్వాత అవ్వే చెప్పింది. "మాది గుర్రంకొండ పక్క. నా పెండ్లికి ముందే ఈళ్ళు కొత్తగా బావి తవ్విండారు. కొత్త బావిలోకి పెండ్లికూతురు పుట్టింటి బావి నుంచి మలుగును తెచ్చి వదలాల. అది ఊట కండ్లు మూసుకుపోకుండా నాకతా ఉంటాదంట. మా నాయన కొత్త కడవలో ఏసిచ్చినాడు. దావంతా బండిలో ఒళ్ళో పెట్టుకొనే వచ్చినా. దాన్ని బావిలో వదిలినాకే నాకు ఈ ఇంట్లో గుక్కెడు నీళ్ళిచ్చిరి."

"ఇన్నేండ్లలో ఎవురూ పట్టుకొని తినలేదా అవ్వా?" అని డ్రైవర్ అడిగాడు.

"ఇంటికొచ్చిన ఆడబిడ్డను తింటారా అప్పా?"

సార్ టీ గ్లాసు కింద పెట్టారు. ఆయనది తీరప్రాంతం, యాస పూర్తిగా అర్థం కాదు. నేను మెల్లగా విడమరిచి చెప్పాను. పాలారు బావిలో దొరికిన చేప పెన్న వైపు నుంచి కడవలో వచ్చింది. ఇలా ఎన్ని బావుల్లోకి ఎన్ని కడవలు వచ్చాయో మాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. నేను పట్నంలో కుళాయి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, ఈ ఆచారం నా చెవినే పడలేదు.

జీపు పలమనేరు దాటింది. అప్పుడు సార్ అన్నారు: "మనం ఇన్నాళ్ళూ చదివింది చేపల్ని కాదు, పెళ్ళి సంబంధాల్ని."

డ్రైవర్ ముందు నవ్వాడు. తర్వాత ముగ్గురం నవ్వాం. కుప్పానికి గుర్రంకొండ పిల్లను, మదనపల్లెకు పుంగనూరు పిల్లను ఇచ్చిపుచ్చుకున్న ప్రతి పెళ్ళిలోనూ ఒక కడవ నది మారి ఉండొచ్చు. తెర మీద రంగులు కలిసిపోవడం సముద్రం చేసిన పనో, మా వియ్యాలవాళ్ళు చేసిన పనో ఇక ఎవరూ చెప్పలేరు. బావి బావికీ తిరిగి అడిగాం. బి.కొత్తకోట దగ్గర ఒకాయన మా మీద జాలిపడి, "సేపకు పుట్టింటి పేరు అడిగినోళ్ళను మిమ్మల్నే సూస్తాండా," అన్నాడు. నలభై ఒకటిలో ఇరవై మూడు కడవల్లో వచ్చినవో, ఎక్కడివో ఎవరికీ గుర్తు లేనివో అని తేలింది. వాటిని కొట్టివేశాం. మిగిలినవి దేనికీ చాలవు.

కడవలు చేరని చోటు ఒక్కటే ఉంది. నది సముద్రంలో కలిసే చోటు. తీరంలో దాన్ని మొగ అంటారు. అప్పుడే సముద్రం నుంచి వచ్చే పిల్ల మలుగును అక్కడ పడితే, దాన్ని ఏ పెళ్ళికూతురూ మోసుకొచ్చి ఉండదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో పెన్న మొగ దగ్గర సన్న వల వేయించాం. పాలారు మొగ పక్క రాష్ట్రంలో ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేట వేసి మూసుకుపోతుంది. ఒక వానకు మేట తెగి కొద్ది రోజులు తెరుచుకున్నప్పుడు, అక్కడి సహోద్యోగులు మలుగు పిల్లల్ని పట్టి పంపారు.

పెన్న మొగలో వల ఎత్తిన జాలరి, "చెయ్యి పట్టండి," అని నా దోసిట్లో నీళ్ళు పోశాడు. నాకు నీళ్ళే కనిపించాయి. ఆ నీళ్ళలో రెండు నల్ల చుక్కలు ఉన్నాయి. చుక్కలు కదిలినప్పుడు గాని అవి కళ్ళని తెలియలేదు. సూదంత చేప అది. దాని ఒంట్లోంచి నా అరచేతి గీతలు కనిపించాయి. ఇది పెన్న వెంట, బాహుదా వెంట, మా చెరువుల అలుగుల మీదుగా ఎక్కి గుర్రంకొండ దాకా వస్తుందట. ముప్పై ఏళ్ళకు పైగా వేల చేపల ముక్కలు కోసినదాన్ని నేను, దోసిలి కదిలిస్తే ఒలికిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి నిలుచున్నాను.

ఆ ఏడు తీరంలో కురిసిన వాన మా మిట్టల మీద కురవలేదు. మార్చి నెల మొదటి వారంలో కుప్పం కోడలు ఫోన్ చేసింది.

"మేడం, అది ఏమో అయిపోయిండాది. కండ్లు ఇంతలేసి అయినాయి. కడుపు వెండి మాదిరి మెరస్తాండాది. అవ్వ ఏమేసినా ముట్టడం లేదు. గోడెంబడే తిరగతాండాది. బోర్లు ఎండిపోయినాయి, బావిలో మోకాలెత్తు నీళ్ళు ఉండాయి. మీరు రవ్వంత వచ్చి సూడండి."

ఫోన్ స్పీకరులో విన్న సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "తయారైంది," అన్నారు.

సముద్రానికి పోయే వేళ వస్తే మలుగు ఒళ్ళు మారుతుంది. లోతుల్లోని చీకటి కోసం కళ్ళు పెద్దవవుతాయి. ఇక తినే పని లేదు కాబట్టి పేగులు చిక్కిపోతాయి. అరవై ఏళ్ళు ఆ నాలుగు గోడల మధ్య, అవ్వ వేసిన మెతుకులు తిని బతికిన చేప, తాను పుట్టిన నీటిని మరిచిపోలేదు. 

దాన్ని తీసి సముద్రంలో వదలాలి, లేకుంటే బావిలోనే చచ్చిపోతుంది. వదలడానికి అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే అధికారి మర్యాదస్థుడే. "ఏ నది చేపను ఆ నదిలోనే వదలాలి మేడం. ఒక వంశాన్ని ఇంకో వంశంలో కలపకూడదని ఆ నియమం పెట్టించింది మీలాంటివాళ్ళే. ఇది ఏ నదిదో రాసివ్వండి, ఆ రోజే సంతకం పెడతాను," అన్నాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దొరికింది పాలారు వైపు. పాలారులో ఇసుక తప్ప నీళ్ళు లేవు, దాని మొగ మూసుకుపోయింది. వచ్చింది పెన్న వైపు నుంచి, కాని దానికి సాక్ష్యం అవ్వ మాట ఒక్కటే. ఏ నదిదో రాయాలంటే, అసలు నదికో వంశం ఉందా అన్న మా పాత ప్రశ్నకే జవాబు రావాలి. మొగల్లో పట్టిన పిల్లల డీఎన్‌ఏ అప్పటికి సగమే తీశాను. మిగతా సగానికి కావలసిన రసాయనాలు ఇంకా రాలేదు.

అవి వచ్చేలోపు పుంగనూరు దగ్గర మరో బావిలో మరో మలుగుకు కళ్ళు పెద్దవయ్యాయి. ఆ బావి గలాయన రెండు రోజులకొకసారి ఫోటో పంపేవాడు. చివరి ఫోటోలో అది వెల్లకిలా పడి ఉంది. "మీ కాగితం వచ్చిందా అమ్మా?" అని కింద రాశాడు. సార్ ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు.

కుప్పం పల్లెకు అప్పుడు నీళ్ళు ట్యాంకరులో వస్తున్నాయి. ట్యాంకరు నీళ్ళలో మందు కలుపుతారని, అవి వద్దని నేను చెప్పాను. దూరంగా ఒక తోటలో ఇంకా నీళ్ళు పడుతున్న బోరు నుంచి కోడలు రోజూ రెండు కడవలు మోసి బావిలో పోసేది. ఆ సంగతులన్నీ ఫోన్లో చెప్పేది. "మనుషులకే లేకుంటే పాముకు పోస్తావా అని పక్కింటామె అనింది మేడం. మీ ఇంటికి ఆడబిడ్డ వస్తే సెంబు నీళ్ళు కూడా ఇయ్యవా అంటి. మరుసటి దినం తనూ ఒక కడవ తెచ్చింది."

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం కంప్యూటరు అమ్మాయి నన్ను పిలిచింది. "ఒకసారి చూడండి మేడం, నా కళ్ళ మీద నాకు నమ్మకం పోతోంది." తెర మీద మొగల్లో పట్టిన పిల్లలు మాత్రమే ఉన్నాయి. ఎరుపూ నీలమూ మళ్ళీ కలిసే ఉన్నాయి. ఆ అమ్మాయి రంగులు తీసేసి, మళ్ళీ పెట్టి, ఇంకో పద్ధతిలో లెక్క కట్టి చూపించింది. గీత గీయడానికి ఎక్కడా చోటు లేదు. తర్వాత మా బావుల చేపల్ని వాటి మీద పరిచింది. అవీ వచ్చి అదే కుప్పలో పడ్డాయి.

మా ఆడవాళ్ళు కడవల్లో మోసి కలిపినదాన్ని, సముద్రం అంతకు ముందే కలిపేసి ఉంది.

దీని అర్థం ఏమిటో కాస్త ఆగి ఆలోచించండి. గుర్రంకొండ బావిలో పెరిగిన తల్లి, ఎవరూ చూడని ఒక చోట, పాలారులో పెరిగిన తండ్రిని కలుస్తుంది. వాళ్ళ పిల్లలు ఏ నదిలోకి కొట్టుకొస్తారో ప్రవాహానికే తెలియాలి. పాలారుకు తనదంటూ మలుగు లేదు, పెన్నకూ లేదు. ఒక మొగలో మలుగు పిల్లల్ని ఊడ్చి అమ్ముకుంటే అన్ని నదులకూ తగ్గుతాయి. ఒక నదికి అడ్డం కడితే అన్ని నదులూ నష్టపోతాయి. కాబట్టి వాటి వేట మీద నిషేధం పెడితే రెండు రాష్ట్రాలూ కలిసి పెట్టాలని సార్ నివేదికలో రాశారు. మాకు దొరికిన నమూనాల మేరకే ఈ మాట అని కూడా రాశారు. మీరూ ఎప్పుడూ అలాగే రాయండి. అనుమతి కాగితంలో నది పేరు రాయవలసిన చోట ఆయన రాసింది ఇది: "దీనికి నది లేదు. దీనిది సముద్రం."

అధికారి అన్న మాట ప్రకారం ఆ రోజే సంతకం పెట్టాడు.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి కుప్పం బావిలో డ్రైవరూ ఇద్దరు మనుషులూ దిగి, తడి గోనెలో మలుగును పైకి తెచ్చారు. అవ్వ ముందురోజే అంగడి నుంచి కొత్త కడవ తెప్పించింది. వచ్చినట్టే పోవాలని ఆమె కోరిక. ఆ కడవలో అదిప్పుడు సగం కూడా పట్టదు. అందుకని కడవతో బావి నీళ్ళు ముంచి మా డ్రమ్ములో పోసి, డ్రమ్ముకు కుంకుమ పెట్టింది. గాలి పంపే మోటారును చూసి, "ఇదేమి, గురక పెడతాండాది?" అంది.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది. "పుట్టింటికే గదమ్మా తోలకపోయేది? గుర్రంకొండకేనా?"

"గుర్రంకొండ కాదవ్వా. దాని పుట్టిల్లు ఇంకా దూరం. సముద్రంలో, వెలుతురు అందని లోతులో. అది యాడుందో ఇంతవరకు ఎవరికీ తెలీదు."

"దానికి తెలుసునా?"

"తెలుసు."

"ఎవురు సెప్పినారు దానికి?"

"ఎవరూ చెప్పలేదవ్వా."

అవ్వ డ్రమ్ములోకి వంగి చూసింది. ఆ పెద్ద కళ్ళు పైకి చూస్తున్నాయి. అవ్వ అంది: "రెండు దినాలు బండిలో వచ్చినానని నేను నెలంతా ఏడిస్తి. ఇది అంత దూరం నుంచి వచ్చి, గమ్మున ఉండింది."

కోడలు పైటతో ముఖం తుడుచుకుంది. "అత్తా, ఇంగనన్నా నన్ను అడుగు, తిన్నావా అని."

"తిన్నావామ్మే?"

"ఇంకా లేదు."

"పో, పొయ్యి తిను."

పలమనేరు, చిత్తూరు, తిరుపతి దాటి, నెల్లూరు మీదుగా పెన్న మొగ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. ఆటు మొదలై నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. ఆ ఏడు ఆ మొగ తెరిచే ఉంది. గోనె విప్పి మోకాలి లోతులో వదిలాం. అది నా పాదం పక్కన ఒక్క క్షణం కదలకుండా ఉంది. దాని మొప్పలు ఒకసారి తెరుచుకున్నాయి. అరవై ఏళ్ళలో మొదటిసారి ఉప్పు తగిలిందనుకుంటాను. నది వైపు తల ఉన్నదల్లా మెల్లగా తిరిగి, సముద్రం వైపు పోయింది. నీటి మీద గీత కూడా పడలేదు. సార్ బూట్లతోనే నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఫోటో తీయమని డ్రైవర్ చేతికి ఫోన్ ఇచ్చాం. ఆయన దాన్ని చేతిలో పట్టుకునే ఉండిపోయాడు.

రెండు నెలల తర్వాత నేను పదవీ విరమణ చేసి మదనపల్లెకు వచ్చేశాను. కోడలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "చేరింటాదా మేడం?" అని అడుగుతుంది. తెలియదని చెప్తాను. ఆ జవాబు ఆమెకు నచ్చదు, కాని మళ్ళీ అడుగుతుంది. అవ్వ వానలు మొదలయ్యే ముందు పోయింది. నీళ్ళు లేని బావిలో పశువులు పడుతున్నాయని ఆ బావిని పూడ్చేశారు.

పోయినవాటి లెక్క ఇది. కొట్టివేసిన సీసాలు ఇరవై మూడు. పుంగనూరు దగ్గర కాగితం కోసం కాచుకొని చచ్చిన మలుగు ఒకటి. పూడ్చిన బావి ఒకటి. కొత్త బావికి కడవలో చేపను పంపే ఆచారం ఒకటి, కొత్త బావులు తవ్వేవాళ్ళు లేరు గనుక. అవ్వ. ఇంకా, మళ్ళీ ఎవరికీ కనిపించనిది, పోయిందని నేను రాయలేనిది, ఒక చేప.